సరస్సు ఒడ్డున పక్షుల సదస్సు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఒక తెలుగు కళాశాల జంతుశాస్త్ర విభాగం ఉదయ్‌పూర్‌లో అంతర్జాతీయ పక్షిశాస్త్ర సదస్సు జరపాలనుకుంటోంది. వాళ్ల ప్రశ్నలతోపాటు, అక్కడికి వెళ్లాలనుకునే విద్యార్థుల ప్రశ్నలకూ, ‘మన చెరువులేం పాపం చేశాయి’ అన్న ఒక పాఠకుడి నిష్ఠూరానికీ ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: 250 మందితో నాలుగు రోజుల సదస్సు. డిసెంబర్ చివరి వారమైతే మాకు సెలవులు కలిసొస్తాయి. ఆ తేదీలు ఖాయం చేసుకోవచ్చా?
– అధ్యాపకురాలు, కాకినాడ

జవాబు: వద్దండీ. మీకు కలిసొచ్చే సెలవులే దేశమంతటికీ కలిసొస్తాయి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా అక్కడి పిఛోలా, ఫతేసాగర్ సరస్సుల ఒడ్డున గది దొరకడమే కష్టం, దొరికినా ధర చుక్కల్లో ఉంటుంది. పైగా అది ఢిల్లీలో పొగమంచు కాలం. విదేశాల నుంచి వచ్చేవాళ్లలో చాలామంది ఢిల్లీలోనే విమానం మారతారు. పొద్దున్న విమానం ఆలస్యమైతే ప్రారంభోపన్యాసం చేయాల్సిన పెద్దమనిషి ఇంకా ఢిల్లీ లాంజ్‌లోనే కూర్చుని ఉంటారు. ఏ తేదీలు పెట్టుకున్నా, ముఖ్య వక్తలను ముంబై మీదుగా రప్పించండి. లేదంటే ఒక రోజు ముందే దిగమనండి.

జనవరి మొదటి పక్షం చవక. మనకు ధనుర్మాసం ఉన్నట్టు అక్కడ ఖర్‌మాస్. సంక్రాంతి వరకు పెళ్లిళ్లుండవు కాబట్టి, కొత్త సంవత్సరం రద్దీ తగ్గాక హోటళ్లు బేరానికి వస్తాయి. కానీ జనవరిలోనే ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987 నుంచి ఏటా నడుస్తున్న లెక్కింపు అది. మీరు పిలవాలనుకునే వాళ్లలో సగంమంది ఆ వారాంతాల్లో ఏదో ఒక చెరువుగట్టు మీద నోటుబుక్కుతో ఉంటారు.

మా ఓటు ఫిబ్రవరి మొదటి పదిహేను రోజులకు. మంచు తగ్గుతుంది, వలస పక్షులు ఇంకా కదలవు. పెళ్లిళ్లు మాత్రం మళ్లీ మొదలవుతాయి, ఉదయ్‌పూర్ అంటేనే పెళ్లిళ్ల ఊరు. తేదీ అనుకోగానే మన పంచాంగం చూసి ఊరుకోకండి, అక్కడి ముహూర్తాలు అడగండి. పురోహితుడి కంటే హోటల్ బాంక్వెట్ మేనేజర్‌కి బాగా తెలుస్తుంది. సోమవారం నుంచి గురువారం దాకా పెట్టుకుంటే వారాంతపు బరాత్‌లతో, డీజేలతో పోటీ తప్పుతుంది.

వెనక్కి లెక్క ఇలా ఉంటుంది. 24 నెలల ముందు ఊరు, తేదీలు. 18 నెలల ముందు హాలు, గదుల ఒప్పందం. 12 నెలల ముందు ప్రత్యేక గోష్ఠులకు పిలుపు. 9 నెలల ముందు పరిశోధన సారాంశాలు తీసుకోవడం మొదలు, 6 నెలల ముందు ముగింపు, 5 నెలలకల్లా ఎంపిక ఫలితాలు. చివరి గడువు దాటిందంటే మొదట దెబ్బతినేది వీసాలే. సదస్సుకు ముందటి అక్టోబర్‌లో ఇంకో పని ఉంది: వానాకాలం పోయాక చెరువుల్లో నీళ్లు ఎంతున్నాయో ఒక మనిషిని పంపి చూసి రమ్మనండి. ఉదయ్‌పూర్ సరస్సులన్నీ ఆరావళి కొండల వాన మీద ఆధారపడ్డవే. వాన మోసం చేసిన ఏడు బ్రోషర్‌లో బొమ్మ ఒకటి, ఎదురుగా కనబడేది ఇంకొకటి.

ప్రశ్న: సరస్సు కనబడే పెద్ద హోటల్లోనే అంతా పెట్టాలని కమిటీలో కొందరి పట్టు. ఇంకొందరు విశ్వవిద్యాలయం హాళ్లు చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?
– సదస్సు కమిటీ సభ్యుడు, కాకినాడ

జవాబు: హాళ్ల విషయంలో రెండో వర్గం మాట వినండి. ఉదయ్‌పూర్‌లో మోహన్‌లాల్ సుఖాడియా విశ్వవిద్యాలయం, మహారాణా ప్రతాప్ వ్యవసాయ, సాంకేతిక విశ్వవిద్యాలయం ఉన్నాయి. మీకు కావలసింది 250 మంది పట్టే ఒక హాలు, 90 మంది పట్టే రెండు గదులు, పోస్టర్లకు కప్పున్న చోటు. హోటల్ బాంక్వెట్ హాలును మధ్యలో మడత తెరతో విడదీసి మూడు చేస్తామంటారు. పక్క గదిలో చప్పట్లు మీ వక్త మాటల మీద పడతాయి, ఆ తెరలు శబ్దాన్ని ఆపవు.

గదులు మాత్రం మూడు తరగతుల్లో తీసుకోండి: హోటల్, సాధారణ లాడ్జి, విద్యార్థులకు హాస్టల్. విదేశీయులను దింపే ప్రతి చోటా ముందుగా ఒక్క మాట అడగండి: ‘విదేశీ అతిథుల ఫారం (పాత పేరు సీ-ఫారం) వేస్తారా?’ విదేశీ అతిథి దిగిన 24 గంటల్లో బస ఇచ్చినవాళ్లు ఆ వివరాలు ఆన్‌లైన్‌లో విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారులకు పంపాలి. ఆ లాగిన్ లేని చిన్న లాడ్జీలు రాత్రి పదకొండింటికి అతిథిని గుమ్మంలోనే ఆపేస్తాయి. విశ్వవిద్యాలయ హాస్టళ్లకూ ఇదే నియమం, వార్డెన్‌కు గుర్తుచేయకపోతే మరిచిపోతారు.

గదుల ఒప్పందంలో ‘ఇన్ని గదులు నిండకపోతే డబ్బు మీరే కట్టాలి’ అనే నిబంధన ఉంటుంది. 100 గదులు పట్టుకుంటే 90 రోజుల ముందు 20, 45 రోజుల ముందు మరో 10 రుసుం లేకుండా వదులుకునే హక్కు రాయించుకోండి. నోటిమాట పనికిరాదు. అప్పటికి ఆ మేనేజర్ వేరే ఊరికి బదిలీ అయి ఉంటాడు.

ఇంకొకటి, పక్షుల వాళ్లకు పరువు సమస్య. సరస్సు వైపు నిలువెత్తు అద్దాలున్న భవనమైతే అందులో నీరు, ఆకాశం ప్రతిబింబిస్తాయి, పిట్టలు వచ్చి గుద్దుకుంటాయి. రెండు వందల మంది పక్షి శాస్త్రవేత్తలు టీ తాగుతుంటే కిటికీ కింద చచ్చిపడిన పిట్ట! అద్దానికి బయటివైపు, నిలువుగానూ అడ్డంగానూ 5 సెంటీమీటర్ల ఎడంతో చుక్కల స్టిక్కర్లు అంటించండి. లోపలివైపు అంటిస్తే ప్రతిబింబం అలాగే ఉంటుంది. మధ్యలో ఒక్క డేగ బొమ్మ అతికిస్తే లాభం లేదు, పిట్ట దాని పక్కనుంచే వచ్చి గుద్దుకుంటుంది.

ప్రశ్న: వీసా, విదేశీ డబ్బు, పన్ను. ఈ మూడింటి గురించి ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.
– కోశాధికారి, అదే కమిటీ

జవాబు: వచ్చేవాళ్లు పర్యాటక వీసా మీద రాకూడదు. ఈ-కాన్ఫరెన్స్ వీసా వేరే ఉంది: 30 రోజులు, ఒక్కసారి ప్రవేశం. ‘మధ్యలో శ్రీలంక చూసొస్తాను’ అనేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పండి, బయటికి వెళితే తిరిగి రాలేరు. దానికి ముందు మీ వైపు నుంచి కేంద్ర హోం శాఖ పోర్టల్‌లో సదస్సుకు అనుమతి తీసుకోవాలి, ఆ పత్రం, మీ ఆహ్వాన లేఖ రెండూ వాళ్లు దరఖాస్తుకు జతచేస్తారు. లేఖలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చేవాళ్లది వేరే దారి, ఎక్కువ కాలం పడుతుంది. ఆ రెండు దేశాలూ మనమున్న మధ్య ఆసియా పక్షుల వలస మార్గంలోనివే కాబట్టి వాళ్లు లేకపోతే వెలితే. ఆన్‌లైన్‌లో మాట్లాడే ఏర్పాటు మొదటినుంచీ పెట్టుకోండి. 1884లో వియన్నాలో మొదలైన అంతర్జాతీయ పక్షిశాస్త్ర మహాసభే 2022లో డర్బన్‌లో జరగాల్సింది, చివరికి ఆన్‌లైన్‌లో జరిపారు.

విదేశీయులు కట్టే పాల్గొనే రుసుమును సదస్సు ఖర్చుకే వాడితే అది ‘విదేశీ విరాళం’ కిందికి రాదు. అదే ఒక విదేశీ ఫౌండేషన్ ‘మీ సదస్సుకు గ్రాంటు’ అని పంపితే వస్తుంది; మీ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా ఆ డబ్బు ముట్టుకోకండి. రుసుముపై జీఎస్టీ 18 శాతం. ‘డాలర్లలో కట్టారు, ఎగుమతి కదా’ అని వదిలేస్తారు కొందరు. కార్యక్రమం జరిగింది మన గడ్డ మీద, కాబట్టి పన్ను పడుతుంది.

రుసుం ఎంత పెట్టాలన్నది 250 మందితో లెక్కేయకండి, 180 మందితో వేయండి. ఉదాహరణకు, ఎవరొచ్చినా రాకపోయినా అయ్యే ఖర్చు 30 లక్షలు, మనిషికి అయ్యేది 9,000 అనుకుందాం. 180 మందికి మొత్తం 46,20,000. వాళ్లలో 70 మంది విద్యార్థులు 12,000 చొప్పున కడితే 8,40,000. మిగిలిన 37,80,000 భారం 110 మంది మీద. వాళ్లలో 40 మంది విదేశీయులు 45,000 చొప్పున 18 లక్షలు కడితే, మిగతా 70 మందికి తలా సుమారు 28,300. దీనిపైన పన్ను. విద్యార్థి రుసుం ఇంకో 3,000 తగ్గిద్దామని సమావేశంలో ఎవరో ఉదారంగా అంటారు. అప్పుడు ఈ చివరి అంకె 3,000 పెరుగుతుందని కాగితం మీద చూపించండి.

ప్రశ్న: మూడు హాళ్లు, మూడు రోజుల ప్రసంగాలు. ఎన్ని ప్రసంగాలకు చోటుంటుంది? పోస్టర్లకు ఏం కావాలి?
– కార్యక్రమ సంచాలకుడు, కాకినాడ

జవాబు: ప్రసంగానికి 15 నిమిషాలు: 12 మాట్లాడటానికి, 2 ప్రశ్నలకు, 1 మనిషి మారటానికి. గంటన్నర విడతలో 6. రోజుకు 3 విడతలు, 3 హాళ్లు అంటే 54. మూడు రోజులకు 162. చివరి రోజు చివరి విడత ఖాళీగా వదిలేస్తే 144. జనం అప్పటికే సూట్‌కేసులతో గుమ్మం దగ్గరుంటారు.

ఒక వక్త రాకపోతే తర్వాతివాళ్లను ముందుకు జరపకండి. మూడో ప్రసంగం కోసం పక్క హాలు నుంచి పరుగున వచ్చినవాడికి నాలుగోది నడుస్తుంటే అన్నీ తారుమారవుతాయి. ఆ 15 నిమిషాలు ఖాళీగానే ఉండనివ్వండి. మూడు హాళ్ల గడియారాలూ ఒకే టైమ్ చూపాలి.

పక్షుల సదస్సుకే ప్రత్యేకమైన తలనొప్పి కూతల రికార్డింగులు. ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ తీగతో ప్రొజెక్టర్‌కు కలపగానే శబ్దం కూడా అటే పోతుంది. హాలు మిక్సర్‌కు వెళ్లేది ఇయర్‌ఫోన్ రంధ్రంలోని తీగ. అందుకే తెర మీద గుడ్లగూబ నోరు తెరుస్తుంది, హాల్లో నిశ్శబ్దం. హాలుకొక కుర్రాడిని పెట్టి, ఫైళ్లన్నీ ముందురోజు సాయంత్రమే తీసుకుని, శబ్దం ఉన్న ప్రతి స్లైడునూ ఆ హాల్లోనే వినిపించి చూడమనండి.

పోస్టర్లు ఏ-జీరో, నిలువు అని ఖాయంగా రాయండి. అంటే 84 సెంటీమీటర్ల వెడల్పు, 119 ఎత్తు. టెంట్‌హౌస్‌లో దొరికే 8 అడుగులు, 4 అడుగుల పలకను అడ్డంగా నిలబెడితే ఒక వైపు రెండు పడతాయి, రెండు వైపులా నాలుగు. 80 పోస్టర్లకు 20 పలకలు. రెండు విడతలుగా పెడితే 10 చాలు. పలక కింది అంచు నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి, లేకపోతే చదవడానికి గొంతుక్కూర్చోవాలి. పలకల వరుసల మధ్య రెండు మీటర్లు వదలండి. ప్లై మీద వెల్క్రో నిలవదు, పైన గుడ్డో థర్మాకోలో వేసి గుండుసూదులు ఇవ్వండి. ‘సరస్సు ఒడ్డున పచ్చికలో పెడదాం, ఎంత బాగుంటుందో’ అనేవాళ్లు ప్రతి కమిటీలో ఒకరుంటారు. మధ్యాహ్నం గాలి లేచిందంటే పలకలన్నీ పేకముక్కలే.

ప్రశ్న: నా పోస్టర్ గుడ్డ మీద అచ్చువేయించాలా, కాగితం మీదా? రైల్లో వస్తాను.
– పరిశోధక విద్యార్థిని, తిరుపతి

జవాబు: గుడ్డ మీద. మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చు, కాగితపు గొట్టాన్ని ఏదో ఒక స్టేషన్‌లో మరిచిపోవడం మామూలే. నాలుగు మూలలకే సూదులు గుచ్చితే మధ్యలో వేలాడుతుంది, ఆరు గుచ్చండి. ఫైలు మెయిల్లో కూడా ఉంచుకోండి.

ప్రశ్న: మేనార్‌కు అందరినీ తీసుకెళ్లాలనుకుంటున్నాం. ఎలా?
– క్షేత్ర పర్యటన బాధ్యుడు, కాకినాడ

జవాబు: అందరినీ తీసుకెళ్లకండి. మేనార్ ఉదయ్‌పూర్ నుంచి చిత్తోర్‌గఢ్ దారిలో దాదాపు 45-50 కిలోమీటర్లు. రెండు చెరువులున్న ఊరు, 2025 జూన్‌లో రామ్‌సర్ జాబితాలోకి, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడినేలల పట్టికలోకి, ఎక్కింది. అదే ఏడు జనవరిలో ఉదయ్‌పూర్‌కు, ఇండోర్‌తోపాటు, రామ్‌సర్ ‘చిత్తడినేలల నగరం’ గుర్తింపు వచ్చింది, మన దేశంలో మొదటి రెండు అవే. ఆ చెరువుల్లో ఊరివాళ్లు చేపలు పట్టనివ్వరు, పక్షులను కాపాడింది వాళ్లే. ఆ నెమ్మదిని మనం ఒక్క పొద్దున్నే చెడగొట్టి రాకూడదు.

పర్యటనకు మూడు చోట్లు పెట్టండి: మేనార్, జయసమంద్, ఊరి పక్కనే బడీ చెరువు. రిజిస్ట్రేషన్ ఫారంలోనే ఎంచుకోమనండి, ఒక్కో చోటుకు 60 దాటగానే ఆ గడి మూసుకుపోవాలి. చివరి నిమిషంలో అడిగితే అందరూ మేనారే అంటారు. 60 మందిని 15 చొప్పున నాలుగు గుంపులు చేయండి. ఒక్కో గుంపుకు చెరువు తెలిసిన ఒక స్థానికుడు, రెండు స్పాటింగ్ స్కోపులు (స్టాండు మీద పెట్టి దూరపు పక్షులను చూసే దుర్భిణులు). స్కోపు ఒకటే అయితే వరుసలో పదిహేనోవాడు చూసేసరికి పక్షి ఎగిరిపోతుంది.

మనవాళ్లు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. ఫిబ్రవరి మొదట్లో విజయవాడలో ఆరూ ముప్పావుకల్లా సూర్యుడు వస్తాడు. ఉదయ్‌పూర్ పశ్చిమాన ఉంది కాబట్టి ఏడు దాటాకే వస్తాడు. అయిదింటికి బస్సెక్కించి చీకట్లో చెరువు దగ్గర దింపితే అందరికీ చలి తప్ప మిగిలేదేమీ ఉండదు. ఆరింటికి బయల్దేరితే సరిపోతుంది. దిగాక తూర్పు ఒడ్డున నిలబడాలి, అప్పుడు ఎండ వీపు మీద పడుతుంది, రంగులు కనబడతాయి. పడమటి ఒడ్డు నుంచి చూస్తే పక్షులన్నీ నల్లటి నీడలే. గట్టు మీద నిటారుగా నిలబడితే ఆకాశం ముందు మనిషి ఆకారం కొట్టొచ్చినట్టు కనబడి బాతులు లేస్తాయి, గట్టు వాలులో ఉండండి. తల వెనక రెండు నల్ల చారలుండే బార్‌హెడెడ్ బాతులు తెల్లవారుజామున పొలాల్లో మేసి పొద్దెక్కాక నీళ్లమీదికి వస్తాయి. కాబట్టి ఎనిమిదింటికే ‘ఏం లేవు’ అని బస్సెక్కకండి. పదైందంటే మాత్రం నీటిమీద వేడిగాలి వణుకుతుంది, స్కోపులో దూరపు పక్షి కరిగిపోయినట్టు ఉంటుంది. అప్పుడు వెనక్కి రావచ్చు.

మరుగుదొడ్లు ముందురోజే చూసి పెట్టుకోండి. అరవై మందికి చెరువు దగ్గర ఏర్పాటేమీ ఉండదు, హైవే మీద మంచి ధాబా ఒకటి మాట్లాడుకుని, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆపండి. పెద్ద బస్సులను పొలం బాట మీదికి దించకండి, రైతుల బండ్లకు దారి ఉండదు. డబోక్ విమానాశ్రయం ఇదే దారిలో ఉంది. పర్యటన చివరి రోజున పెట్టి, సామాను ఒక వ్యానులో వెనకాల రప్పిస్తే, మధ్యాహ్నం విమానం ఉన్నవాళ్లను అటునుంచి అటే దింపొచ్చు.

ఇతర దేశాల్లో కోళ్ల ఫారాల్లోనో సముద్రపక్షుల గూళ్ల మధ్యనో పనిచేసి వచ్చేవాళ్లు బూట్లు కడిగి, క్రిమిసంహారకంతో తుడిచి తేవాలని ముందే రాయండి. బర్డ్ ఫ్లూ వచ్చిన ఏడు చెరువులకు జనాన్ని రానివ్వరు. 2021 జనవరి ప్రాంతంలో రాజస్థాన్‌లోనే కాకులు చచ్చిపడ్డాయి. అలాంటప్పుడు వెళ్లడానికి కొండల్లో ఒక అడవిదారిని సిద్ధంగా ఉంచుకోండి.

ప్రశ్న: విదేశీ మిత్రులు ఉపగ్రహ ఫోన్, డ్రోన్ తెస్తామంటున్నారు. పిట్టలను పట్టి కాళ్లకు గుర్తు రింగులు వేసి చూపిస్తామని కూడా అడుగుతున్నారు.
– పరిశోధకుడు, హైదరాబాద్

జవాబు: మూడూ వద్దనండి. మన దేశంలో అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్ ఉంచుకోవడం నేరం. కొండల్లో తిరిగేవాళ్లు నడుముకు తగిలించుకునే ఉపగ్రహ సందేశ పరికరాలు కూడా విమానాశ్రయంలో పట్టుబడతాయి. ఇది తెలియక అరెస్టయిన పర్యాటకులున్నారు. డ్రోన్ల దిగుమతిని 2022లోనే నిషేధించారు. పక్షిని పట్టాలంటే 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి అనుమతి కావాలి, ప్రదర్శన కోసమైతే దూది పిట్టతో చూపించినా చాలు. ఈకలు, రక్తపు నమూనాలు దేశం దాటించాలన్న ఆలోచన ఉంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి లేకుండా కుదరదు. ‘గట్టు మీద దొరికిన ఈకే కదా’ అన్నది కస్టమ్స్ దగ్గర చెల్లే మాట కాదు.

ప్రశ్న: మన పులికాట్, కొల్లేరు ఉండగా రాజస్థాన్ దాకా పోవాలా?
– పాఠకుడు, నాయుడుపేట

జవాబు: మీ కోపం సబబే. పక్షుల విషయంలో మనకేం తక్కువ లేదు. పులికాట్‌లో ఫ్లెమింగోలు, నేలపట్టులో చెట్లమీద గూళ్లు కట్టే గూడబాతులు, 2002 నుంచి రామ్‌సర్ జాబితాలో ఉన్న కొల్లేరు, అక్కడ కైకలూరు పక్కన అటపాక. లేనిది గదులు. 250 మందికి పులికాట్ పక్కనున్న సూళ్లూరుపేటలో బస దొరకదు. చెన్నైలోనో తిరుపతిలోనో దింపితే రోజూ బస్సులోనే నాలుగు గంటలు పోతాయి. కొల్లేరుకు విజయవాడ నుంచీ అదే వరస.

కానీ 30-40 మంది కార్యశాలకు సూళ్లూరుపేట ప్రాంతం చక్కగా సరిపోతుంది. నీటిపక్షుల లెక్కింపు నేర్పడానికి, ఉదయ్‌పూర్ సదస్సు అయ్యాక నాలుగు రోజులు. సరస్సు మధ్యనుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు మీదే ఫ్లెమింగోలు బాగా కనబడతాయి. అయితే అది అంతరిక్ష కేంద్రానికి దారి. పొడవాటి లెన్సులతో విదేశీయులు నిలబడితే భద్రతా సిబ్బంది అడుగుతారు. పేర్లు, పాస్‌పోర్టు నంబర్ల జాబితా జిల్లా పోలీసులకు, అటవీ శాఖకు ముందే ఇచ్చి, రాతపూర్వక అనుమతి దగ్గర పెట్టుకోండి. ప్రయోగం ఉన్న రోజు ఆ దారి జోలికి పోవద్దు. నీళ్లు మరీ ఎక్కువైతే ఫ్లెమింగోలకు కాళ్లు అందవు, మరీ ఎండితే తిండి ఉండదు. అందుకని తేదీ వేసేముందు అటవీ సిబ్బందికి ఫోన్ చేసి లోతు అడగండి. ఫ్లెమింగో ఫెస్టివల్ రోజులు మాత్రం వదిలేయండి. ఊళ్లో గది దొరకదు, నేలపట్టు గట్టు మీద గూడబాతుల కంటే జనమే ఎక్కువ.